ఎడమచేతి ఆటగాణ్ణి నేను మాయం చేసిన విధం

మా ఊరి తెలుగు సంఘం వాళ్ళు పెద్దవాళ్ళ జ్ఞాపకాలను రికార్డు చేసి పెట్టిన వీడియోల్లో మా మామయ్యగారిది ఒకటుంది. ఆయన వేదిక మీద నిలబడి, మైకు సరిచేసుకుని, ఎనభైల మొదట్లో ఇల్లినాయి రాష్ట్రంలో చలి ఎలా ఉండేదో చెప్పి దిగిపోతారు. చలి ఎక్కువగా ఉండేదట. మొత్తం వీడియోలన్నిటిలోనూ ఇంతకన్నా తిరుగులేని చారిత్రక సత్యం మరొకటి లేదు. అందులో ఒక్క తప్పు కూడా దొరకదు, ఎందుకంటే తప్పులన్నీ నేను ముందే ఏరిపారేశాను. అది చూసినవాళ్ళు పాపం ఈ పెద్దాయనకు చెప్పుకోవడానికి ఏమీ లేదనుకుంటారు. ఆ అభిప్రాయాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

ముందు నా అర్హతలు చెప్పాలి. నేను నేపర్‌విల్‌లో ఉంటాను. ఒక బీమా కంపెనీలో డేటా క్వాలిటీ చూస్తాను. అంటే ఇతరులు ఎక్కించిన వివరాల్లో తప్పులు పట్టి, వాళ్ళకు మర్యాదగా తెలియజేసి, సాయంత్రం రైలెక్కి ఇంటికొస్తాను. ఈ పని చాలాకాలం చేసినవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. భోజనాల దగ్గర కూడా ఎదుటివాళ్ళ మాటల్లో సరిపోలని గడులే కనిపిస్తాయి. మా ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి కనుక ఆ జబ్బుకు మొహమాటం లేకుండా ఇంగ్లీషులో ఒక పేరు పెట్టింది. మా అమ్మాయి హైస్కూలు జట్టులో బాస్కెట్‌బాల్ ఆడుతుంది కనుక నా జబ్బును పట్టించుకునేంత తీరిక ఆమెకు లేదు. దాన్ని గౌరవించినవాళ్ళు భూమ్మీద ఇద్దరే. మా అత్తయ్యగారు, మామయ్యగారు.

కారణం నా గొప్పతనం కాదు. నేను అల్లుణ్ణి. ఈ హోదాకు గడువు లేదు, రెన్యువల్ లేదు, ఆఫీసుల చుట్టూ తిరగడం లేదు. మామయ్యగారు డెబ్బైల చివర్లో ఈ దేశం వచ్చారు. పేరు పలకలేక అమెరికన్లు సగానికి కుదిస్తే ఒప్పుకున్నారు. మంచు ఎత్తిపోయడం నేర్చుకున్నారు, పౌరసత్వ ప్రమాణం చేశారు, డిష్‌వాషర్ కొన్నారు. అల్లుడి మాట కాదనకూడదన్న నియమాన్ని మాత్రం తెచ్చుకున్నది తెచ్చుకున్నట్టే ఉంచుకున్నారు. నాకన్నా పాతికేళ్ళు పెద్దాయన నన్ను మీరు అంటారు. వాళ్ళింట్లో వెనక్కి వాలే కుర్చీ నాది, మొదటి గారె నాది. ఒకసారి వాళ్ళ గరాజ్ తలుపు బాగుచేస్తానని చెప్పి, దాన్ని ఇక ఎప్పటికీ పూర్తిగా మూసుకోకుండా చేశాను. ఆయన దాన్ని కాసేపు చూసి, ఇప్పుడు గాలి బాగా వస్తోంది అన్నారు.

మామయ్యగారికి ఒక కథ ఉంది. మా పెళ్ళయిన కొత్తలోనే విన్నాను. ఆ తరువాత ఎవరు భోజనానికొచ్చినా విన్నాను.

అప్పట్లో ఆయన రాష్ట్రం నడిమధ్యన ఒక చిన్న ఊళ్ళో ట్రాక్టరు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. కొత్తగా చేరారు, ఇంకా పర్మనెంట్ కాలేదు. ఆ ఊరి కాలేజీ జిమ్‌లో ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్ల ఆట ఉందని ఫ్యాక్టరీవాళ్ళు టికెట్లు ఊరికే పంచారు. ఊరికే ఎందుకు పంచారో అర్థం కావాలంటే ఆ రోజుల సంగతి కొంచెం తెలియాలి. ఇవాళ ఆటగాళ్ళ బూట్ల కోసం పిల్లలు వరసల్లో నిలబడుతున్నారు గానీ, అప్పుడు మన పక్కనున్న పెద్ద నగరం జట్టు ఆట చూడమని జనాన్ని బతిమాలుకోవాల్సి వచ్చేదట. సీజన్ మొదలైన కొద్ది వారాలకే అభిమానులు ఓటములు లెక్కపెట్టడం మానేసి, వచ్చే సీజన్ గురించి మాట్లాడుకునేవారట. స్టేడియంలో సగం ఖాళీ కుర్చీలు, మిగతా సగంలో సిగరెట్ పొగ. ఫైనల్స్ ఆటల్ని కూడా టీవీవాళ్ళు కొన్నిసార్లు అప్పటికప్పుడు చూపించకుండా, రికార్డు చేసి, వార్తలన్నీ అయిపోయి దేశం నిద్రపోయాక వేసేవారట. ఆటగాళ్ళ నిక్కర్లయితే మరీ పొట్టి. జట్టుకు గుడ్డ కొనే స్తోమత లేదేమోనని తను నిజంగానే జాలిపడ్డానని అత్తయ్యగారు మధ్యలో చెప్పేవారు.

అత్తయ్యగారు అప్పుడు నిండు చూలాలు. కడుపులో ఉన్నది మా ఆవిడ. జిమ్‌లో తినడానికి ఏం దొరుకుతుందో ఏమోనని రేకు కాగితంలో పులిహోర చుట్టుకుని వెళ్ళారు. పక్కన కూర్చున్న ఒక తెల్లాయన ఆ వాసన ఏమిటని అడిగితే ఇంత పెట్టారు. ఆయన మర్యాదకు పోయి ఎండుమిరపకాయ కూడా నమిలి, ఆటలో పెద్దభాగం మంచినీళ్ళ కుళాయి దగ్గరే గడిపాడు.

ఎదుటి జట్టు పడమటి తీరం నుంచి వచ్చింది. అప్పట్లో అందరూ భయపడే జట్టు. మనవాళ్ళు అలవాటు ప్రకారం ఓడిపోతున్నారు. మన బెంచీ చివర ఒక ఎడమచేతి ఆటగాడు తువ్వాలు కప్పుకుని కూర్చుని ఉన్నాడు. కోచ్‌కు విసుగొచ్చిందో, ఎవరైనా అలసిపోయారో, చివరి క్వార్టర్‌లో అతణ్ణి దింపారు. దూరం నుంచి వేస్తే రెండుకు బదులు మూడు పాయింట్లిచ్చే గీత అప్పుడప్పుడే వచ్చింది. ఆటగాళ్ళు దాన్ని తడి సిమెంటును చూసినట్టు చూసి పక్కనుంచి వెళ్ళేవారు. ఇతను పోయి ఆ గీత బయట నిలబడి ఎడమచేత్తో వేయడం మొదలుపెట్టాడు. ఎదుటివాళ్ళు ముందు నవ్వారు. తరువాత మానేశారు. చివరి బంతి అతనిదే. మనవాళ్ళు గెలిచారు.

ఇది చెబుతున్నప్పుడు మామయ్యగారి కుడిచేయి పెరుగన్నంలో, ఎడమచేయి గాల్లో ఉండేవి. ప్రపంచంలో అందరినీ గారు, మీరు అనే మనిషి ఆ ఆటగాణ్ణి మాత్రం వాడు అనేవారు. వేలువిడిచిన తమ్ముడి గురించి చెప్పినట్టు చెప్పేవారు. గెలుపు దగ్గర కథ ఆపేసి మజ్జిగ అడిగేవారు.

సంఘంవాళ్ళు పెద్దవాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేస్తామన్నప్పుడు అందరికన్నా ముందు ఆయన పేరే అనుకున్నారు. నేను కమిటీలో ఉన్నాను. వేదిక మీద చెప్పే సంగతులు సరైనవో కావో ముందే చూస్తానని ముందుకొచ్చాను. ఎవరూ అడగలేదు. అడగని పనిలో ఉన్నంత శ్రద్ధ నాకు అడిగిన పనిలో ఎప్పుడూ లేదు. ఆ ఆట ఏ సీజన్‌లో ఎప్పుడు జరిగి ఉంటుందో చూద్దామని ఒక వెబ్‌సైట్ తెరిచాను. పాత సీజన్లన్నీ అందులో ఉన్నాయి. ఎవరితో ఎవరు ఎక్కడ ఆడారు, ఎన్ని పాయింట్లు, ఎవరిది కుడిచేతి వాటం, ఎవరిది ఎడమచేతి వాటం, అన్నీ. ఒక శనివారం ఉదయమంతా నాకు పండగ.

మధ్యాహ్నం మామయ్యగారింట్లో భోజనం. ఆయన పాత స్నేహితులు, భార్యాభర్తలు ఇద్దరు వచ్చారు. మా అమ్మాయి ప్రాక్టీసుకు వెళ్ళింది. గారెలు వడ్డించాక స్నేహితుడు, వేదిక మీద ఏ కథ చెబుతావురా అని అడిగారు. మామయ్యగారు నవ్వి ఎడమచెయ్యి లేపబోయారు. నేను ఫోను తీశాను.

"మామయ్యగారూ, ఆ సీజన్ మొత్తం చెక్ చేశాను. కాలేజ్ జిమ్‌లో మనవాళ్ళు ఆడిన గేమే లేదు. వెస్ట్ కోస్ట్ టీమ్‌తో ఆడినవన్నీ ఓడిపోయారు. ఇంకొకటి, ఆ ఇయర్ మన టీమ్‌లో లెఫ్ట్ హ్యాండర్ అసలు లేడు."

ఆ స్నేహితుడు, ముందటేడాదేమో అన్నారు. ముందటేడాదీ చూశాను, తరువాతి ఏడాదీ చూశాను అని చెప్పాను. నా పనితనం అలాంటిది.

మామయ్యగారి చెయ్యి మెల్లగా బల్ల మీదికి దిగింది. "అలాగా," అన్నారు. "అయితే ఎక్కడెక్కడివో కలిపేసుకుని ఉంటాను. మీరు చూశారంటే కరెక్టే అల్లుడుగారూ."

అత్తయ్యగారు ఏదో అనబోయి, ఆగి, నా కంచంలో ఇంకో గారె వేశారు. అడక్కుండా పడిన ఆ గారెను నేను అభినందనగా స్వీకరించి తిన్నాను. తిరిగి వచ్చేటప్పుడు కార్‌లో మా ఆవిడ, నాన్న స్టోరీ పాడుచేశావ్ అంది. నేను ఫ్యాక్ట్స్ చెప్పానన్నాను. ఎవరడిగారు అంది. ఈ ప్రశ్న మా ఇంట్లో తరచుగా వినిపిస్తుంది గనుక ప్రత్యేకంగా తీసుకోలేదు.

రికార్డింగ్ రోజు ఆయన చలి గురించి మాట్లాడారు. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను.

ఆ తరువాత ఫోన్లు మొదలయ్యాయి. మామయ్యగారు నాకు విడిగా ఫోన్ చేయడం అంతకుముందు లేదు. ఇప్పుడు వారానికొకసారైనా చేసేవారు. మేము ఈ నేపర్‌విల్ ఇల్లు కొన్నది మంచు కురిసే రోజుల్లోనా, ఎండల్లోనా? నయాగరా వెళ్ళినప్పుడు మనకున్నది నీలం కారా, తెల్ల కారా? కొన్నిటికి నేను కౌంటీ ఆఫీసు ఆస్తి రికార్డులు వెతికి జవాబు చెప్పాను. పెద్దాయన నా విలువ గుర్తించారని గర్వపడ్డాను కూడా. ఎంత గర్వపడ్డానంటే, ఆఫీసులో నా కింద పనిచేసే కుర్రాళ్ళకు ఆయన్ని ఉదాహరణగా చెప్పాను. సందేహం వస్తే ఊహించకండి, అడగండి, మా మామగారిని చూసి నేర్చుకోండి అని.

ఒకరోజు ఫోన్ చేసి, అమ్మాయి పుట్టినప్పుడు నేను ఆస్పత్రిలో ఉన్నానా అల్లుడుగారూ, ఇంకెక్కడైనా ఉన్నానా అని అడిగారు. అమ్మాయి అంటే మా ఆవిడ. ఆమె పుట్టినప్పుడు నేను ఖమ్మంలో ఒకటో తరగతి చదువుతున్నాను. ఆ సంగతే చెప్పి, అత్తయ్యగారిని అడగండి అన్నాను. మీరైతే కచ్చితంగా చెబుతారని అన్నారు ఆయన. గొంతులో వేళాకోళం లేదు. అప్పుడైనా నాకు వెలగాలి. వయసు మీద పడుతోందని అనుకుని, మా ఆవిడతో అదే అన్నాను.

ఆయన మా ఆవిడను జ్ఞాపకశక్తికి ఏ డాక్టరును చూడాలని అడిగారు. ఆమె ఫార్మసిస్టు కనుక ఆమెకే తెలుస్తుందని. డ్రైవింగ్ మానేశారు. ఎందుకైనా మంచిది, దారి కూడా కలిపేసుకుంటే ఎవరికో దెబ్బ తగులుతుంది అన్నారు. నేపర్‌విల్‌లో కారు తీయని మనిషి ఇంట్లో ఉన్న కుర్చీలన్నిటిలో వంతులవారీగా కూర్చోవడం తప్ప చేసేదేమీ ఉండదు. లైబ్రరీ పోయింది, గుడి పోయింది, కూరల కోసం దుకాణానికి వెళ్ళి అక్కడ తెలిసినవాళ్ళతో గంటసేపు నిలబడి మాట్లాడటం పోయింది. డాక్టరు బొమ్మలు చూపించి, మాటలు గుర్తుపెట్టుకోమని చెప్పి, గడియారం గీయించి, అన్నీ బాగానే ఉన్నాయని పంపించాడు. నేనే తీసుకెళ్ళాను. తిరిగి వస్తుంటే శుభవార్త కదా మామయ్యగారూ అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "అతను బాస్కెట్‌బాల్ గురించి అడగలేదుగా," అన్నారు.

ఆ మాట విని కూడా ఇంటికెళ్ళి హాయిగా భోంచేశాను. రికార్డు కోసం ఇదీ రాయాలి.

శరదృతువులో మా అమ్మాయి జట్టు వేరే స్కూలు జట్టుతో ఆడింది. మొదటిసారి నేను పూర్తిగా కూర్చుని చూశాను. నా కూతురు అంత బాగా ఆడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. బంతి చేతికొస్తే చాలు, వెళ్ళి పడుతోంది. పక్కన కూర్చున్న తండ్రులు నన్ను గౌరవంగా చూశారు. ఇంటికొచ్చాక, నలుగురికీ పంపుదామని స్కూలు వెబ్‌సైట్ తెరిస్తే ఆ ఆటే లేదు. వాళ్ళ డేటా ఎంత అధ్వానంగా ఉందో స్కూలుకు ఈమెయిల్ రాయడానికి కూర్చున్నాను. ఎదురుగా మా అమ్మాయి పాలల్లో సీరియల్ అటుకులు వేసుకుని తింటోంది. నీ గేమ్ వెబ్‌సైట్‌లో ఎక్కించలేదేమిటని అడిగాను.

"అది స్క్రిమేజ్ నాన్నా. కౌంట్ అవ్వదు."

"ఆడావుగా. నేను చూశానుగా."

"ఆడాను, బట్ రికార్డ్‌లో పెట్టరు. సీజన్ స్టార్ట్ అవ్వకముందు కోచ్ ఎవర్ని ఉంచాలి, ఎవర్ని కట్ చెయ్యాలి అని చూస్తది, అంతే."

నేను టైపు చేయడం ఆపాను. ప్రొఫెషనల్ జట్లకు కూడా ఇలాంటివి ఉంటాయా అని అడిగాను. ఆమె చెంచా పట్టుకుని నన్ను చూసిన చూపు మా ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

"డాడ్. ప్రీసీజన్. చిన్న చిన్న టౌన్స్‌కి వెళ్ళి కాలేజ్ జిమ్స్‌లో ఆడతారు. తాతయ్య చూసింది అదేగా." తరువాత నెమ్మదిగా అడిగింది. "వెయిట్. నీకు తెలీదా?"

తెలీదని చెప్పాను. సీజన్‌కు ముందు ఆడేవాళ్ళలో చాలామంది సీజన్‌లో ఉండరని, వాళ్ళను ముందే పంపించేస్తారని, అందుకే వాళ్ళ పేర్లు జట్టు జాబితాలో కనిపించవని ఆమె నాకు వివరించింది. ఆ ఎడమచేతి మనిషి పేరు ఎందుకు దొరకలేదో పదహారేళ్ళ పిల్లకు పాలలో సీరియల్ మెత్తబడేలోపు అర్థమైంది. నేను మూడు సీజన్లు గాలించాను. మొదటి ఆటకు ముందు కూడా ఆటలుంటాయని నాకు తోచలేదు. వెబ్‌సైట్‌లో గడి లేకపోతే లోకంలో మనిషి లేడని తేల్చేశాను.

అత్తయ్యగారి దగ్గరకు వెళ్ళాను. ఆవిడ వంటింట్లో గోరుచిక్కుళ్ళు తుంచుతున్నారు. ఆ ఆట ఎప్పుడు జరిగిందో గుర్తుందా అని అడిగాను.

"అక్టోబర్‌లో. నాకు నెలలు నిండాయి కదా, ఆ మెట్లెక్కలేక చచ్చాను. చలి కూడా ఇంకా పడలేదు బాబూ."

"మరి ఆ రోజు భోజనాల దగ్గర ఎందుకు చెప్పలేదు అత్తయ్యగారూ? మీరు అక్కడున్నారుగా."

"నలుగురిలో అల్లుడితో వాదనేంటి?" అన్నారు ఆవిడ. అది ఏ కాలంలోనైనా, ఎవరికైనా తెలిసిన విషయమే కదా అన్నట్టు అన్నారు. ఆ రోజు అందరూ వెళ్ళాక ఆయనతో నాలుగైదుసార్లు చెప్పారట, మనం చూశాం, నాకు గుర్తుంది అని. ఆయన నమ్మలేదట. అల్లుడుగారు మూడేళ్ళవి చూశారు, నువ్వు నా మనసు కష్టపెట్టకూడదని అంటున్నావు అన్నారట. అప్పటి నుంచే పాలు పొయ్యి మీద పెట్టి, పెట్టానా లేదా అని ఆవిడనే రెండుసార్లు అడుగుతున్నారట.

ముందు గదిలోకి వెళ్ళాను. ఆయన నా కుర్చీలోంచి లేచి నాకిచ్చారు. నేను నిలబడే చెప్పాను. మీరు చూసింది సీజన్‌కు ముందు ఆడే ఆట, అవి ఆ వెబ్‌సైట్‌లో ఎక్కించరు, మీరు చెప్పినదంతా సరైనదే, తప్పు నాది అని చెప్పాను. నా ఉద్యోగ జీవితంలో ఇంత శుభ్రమైన వివరణ ఎవరికీ ఇవ్వలేదు. ఆయన ఓపిగ్గా విన్నారు.

"మీరు తప్పు చేయడమేమిటి అల్లుడుగారూ," అన్నారు. "ముసలాడు బాధపడుతున్నాడని అలా అంటున్నారు. మీ మంచితనం."

ఎంత చెప్పినా అంతే. నా అబద్ధాన్ని నిజమని నమ్మిన మనిషి నా నిజాన్ని మర్యాద అనుకున్నారు. ఇన్నేళ్ళు నా మాట కాదనకుండా ఉన్నందుకు ఆయనకు దక్కిన ఫలితం అది. రుజువు చూపిద్దామని ఆ కాలేజీకి ఫోన్ చేశాను, ఆ ఊరి లైబ్రరీకి ఫోన్ చేశాను. ఎవరి దగ్గరా ఏమీ లేదు. లైబ్రరీలో మాట్లాడినావిడ, ఎనభైల్లోనా అని నవ్వింది. ఆ ఎడమచేతి మనిషిని జట్టువాళ్ళు ఒకసారి తీసేశారు, నేను రెండోసారి తీసేశాను. జట్టువాళ్ళు కనీసం ఆట చూసి తీసేశారు.

ఇక మిగిలింది ఒక్కటే. నలుగురిలో చేసిన పనిని నలుగురిలోనే సరిచేయాలి. అదే స్నేహితుల్ని పిలవమని అత్తయ్యగారిని అడిగాను. ఈసారి మా అమ్మాయి కూడా వచ్చింది. అందరూ కూర్చున్నాక నేను లేచి, మామయ్యగారి కథ గురించి నేను చెప్పినది తప్పు, ఆయన చూసిన ఆట నిజంగా జరిగింది అని మొదలుపెట్టాను. మామయ్యగారు కంచంలోకి చూస్తూ, ఎందుకండీ ఇవన్నీ అన్నారు. నేను ఆగలేదు. ఆయన చెప్పరు కనుక కథ నేనే చెప్పాను.

కథ చెప్పడం నాకు రాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు స్నేహితులకు కూడా తెలిసింది. పొగ చెప్పాను, నిక్కర్లు చెప్పాను, పులిహోర చెప్పాను. ఎవరూ నవ్వలేదు. కంగారులో ఆటను కొంచెం పెంచాను. ఎడమచేతి వాడు కుడి మూల నుంచి గాల్లోకి లేచి వేస్తే, బంతి రింగుకు తగలకుండా తిన్నగా వలలో పడిందని, జిమ్ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టిందని చెప్పాను.

"కాదు."

చాలా మెల్లగా అన్నారు మామయ్యగారు. మా ఆవిడ నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. మా పెళ్ళయిన తరువాత ఆయన నాతో ఆ మాట అనడం అదే మొదలు.

"మూల నుంచి కాదు అల్లుడుగారూ. ఎదురుగా నిలబడి వేశాడు. గాల్లోకీ లేవలేదు, అప్పటికే వాడి పని అయిపోయింది. బంతి బోర్డుకు కొట్టుకుని, రింగు మీద తిరిగి తిరిగి, ఇష్టం లేనట్టు పడింది. చప్పట్లు ఎక్కడివి? సగం మంది కార్లు తీసుకోవడానికి ముందే వెళ్ళిపోయారు. ఓడిపోతారనేగా."

"తరవాత ఏమైంది తాతయ్యా?" అంది మా అమ్మాయి.

ఇదివరకు అక్కడ కథ ఆపేవారు. ఆ రోజు మజ్జిగ అడగలేదు.

"తరవాత వారం వాణ్ణి తీసేశారమ్మా. పేపర్లో చిన్న ముక్క పడింది."

"అంత బాగా ఆడితే ఎందుకు తీసేశారు?"

"బాగా ఆడితే ఉంచుకుంటారని ఎవరన్నారు నీకు? నన్నూ ఆ వారమే తీసేశారు. నేనేం తక్కువ చేశానా?"

అత్తయ్యగారు పప్పు వడ్డిస్తూ, "ఈయనది పేపర్లో కూడా పడలేదు," అన్నారు.

స్నేహితుడు పెద్దగా నవ్వారు. మామయ్యగారూ నవ్వారు. ఉద్యోగం పోయిన సంగతి మా ఆవిడకు కూడా అప్పటివరకు తెలియదు. తను పుట్టింది ఇంట్లో జీతం లేని రోజుల్లోనని అన్నం మధ్యలో తెలుసుకుని, నాన్నా, ఎప్పుడూ చెప్పలేదేం అంది. చెప్పడానికేముంది, నువ్వు పుట్టినప్పుడు ఎదురుగా కూర్చుని ఉన్నాను, ఆఫీసుకు పోయే పని లేదుగా, పగలంతా ఆస్పత్రిలోనే ఉన్నాను అన్నారాయన. నన్ను అడగకుండానే అన్నారు.

అందరి నవ్వులో నాకూ కాస్త ధైర్యం వచ్చింది. అప్పట్లో ఫ్యాక్టరీలన్నీ మనుషుల్ని తీసేస్తున్న మాట నిజమేనని, ఆ రోజుల్లో దేశం పరిస్థితి ఎలా ఉండేదంటే అని అందుకోబోయాను.

"మీరు ఆగండి," అన్నారు మామయ్యగారు. "నేను చెబుతున్నానుగా."

ఆ ఎడమచేతి మనిషి తరువాత ఏమయ్యాడని మా అమ్మాయి అడిగితే, తెలియదన్నారు. తెలియదని చెప్పడంలో ఆయనకు ఏ ఇబ్బందీ కనిపించలేదు. మళ్ళీ కారు తీశారు గానీ, ఇప్పటికీ ఆయన హైవే ఎక్కరు. లైబ్రరీ దాకా, కూరల దుకాణం దాకా వెళ్ళివస్తారు. అంతకు మించి నేను చెడగొట్టినది ఎంత తిరిగొస్తుందో నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం మాత్రం ఆయన ఆపలేదు. ఆట అయ్యాక ఊరి బయటున్న ఇంటికి వచ్చేటప్పుడు మొక్కజొన్న చేల మధ్య దారి తప్పామని, అది కొత్తగా వేసిన కంకర రోడ్డని చెప్పారు. కంకర కాదు, తారు రోడ్డే, మలుపు మీరే తప్పారు అన్నారు అత్తయ్యగారు. నువ్వు కళ్ళు మూసుకుని ఉన్నావు, నీకేం తెలుసన్నారు ఆయన. నెలలు నిండిన మనిషికి ప్రతి గతుకూ తెలుస్తుందన్నారు ఆవిడ. గొంతులు లేచాయి. స్నేహితులిద్దరూ చెరో పక్షం చేరారు, వాళ్ళు ఆ ఊరు ఎప్పుడూ చూడకపోయినా. మా అమ్మాయి రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకుని ఒకసారి తాతయ్యను, ఒకసారి అమ్మమ్మను చూస్తోంది. మేము బయల్దేరే వేళకు కూడా అది తేలలేదు. ఎవరూ నన్ను అడగలేదు.